కొట్టేసిన చుట్టం

పెళ్ళి పిలుపుల పుస్తకం ఇంటికి ఒకటే ఉండాలి. దాని మీద రాసే చెయ్యీ ఒకటే ఉండాలి. మా నాన్నగారి కాలంలో అలాగే నడిచింది. పొడుగాటి అట్ట పుస్తకం, దానికి పురికొసతో కట్టిన పెన్సిలు. పెన్సిలు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే రాస్తారు, మిగతావాళ్ళు చుట్టూ చేరి నోటితో పోట్లాడుకుంటారు. 1980ల తొలినాళ్ళలో అమెరికాలో వాల్టర్ టిచీ అనే ఆయన ఆర్‌సీఎస్ అని ఒక సాఫ్ట్‌వేర్ రాశాడు. ఒకరు ఫైలుకి తాళం వేసి తీసుకున్నారంటే, మళ్ళీ తెచ్చి పెట్టేదాకా రెండోవాళ్ళు చదువుకోవచ్చు గానీ దిద్దకూడదు. మా నాన్నగారి పురికొస దానికంటే పాతది.

మా అమ్మాయి పెళ్ళికి నేను ఈ పద్ధతిని పాతచింతకాయ పచ్చడి కింద జమకట్టేశాను. ఉద్యోగమంతా అకౌంట్స్ సెక్షన్లో గడిపి రిటైరైన వాణ్ణి. లెడ్జరులో అంకె కొట్టేస్తే పక్కన పొట్టి సంతకం లేనిదే ఒప్పుకోని మనిషిని. విజయవాడలో మా అపార్ట్‌మెంటు లెక్కల్ని నోటుబుక్కులోంచి ఎక్సెల్లోకి ఎక్కించిన ఘనుణ్ణి. అలాంటివాడి కూతురి పెళ్ళికి అట్ట పుస్తకమా? డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయిని అడిగితే ఫోనులోనే దారి చెప్పి ఒక షేర్డ్ ఫోల్డర్ పెట్టించాడు. నా ల్యాప్‌టాప్, మా ఆవిడ ల్యాప్‌టాప్, హాల్లో ఉన్న ముసలి డెస్క్‌టాప్, అక్కడ వాడిది. నాలుగింట్లోనూ ఒకటే ఫైలు, 'పిలుపులు' అని. ఒకచోట మారిస్తే మిగతా మూడుచోట్లా మారుతుంది. ఆ సర్వీసు పేరు చెప్పను. దాని తప్పేమీ లేదని తర్వాత తేలింది. తేలినందుకు నాకు చాలా కష్టమనిపించింది.

ఫైలు తయారుచేసింది నేనే. ఊరు, ఇంటిపేరు, ఎంతమంది వస్తారు, శుభలేఖ పోస్టులోనా చేతికా, బొట్టు పెట్టి పిలవాల్సిన ఇళ్ళు పసుపు రంగులో. ఇవన్నీ ఎవరైనా చేస్తారు. నా ప్రతిభంతా పై కుడిమూల గడిలో ఉంది: 'పెళ్ళికి ఇంకా ఇన్ని రోజులు'. ఎక్సెల్లో టుడే అని ఒక ఫంక్షన్ ఉంది. ఫైలు తెరిచినప్పుడల్లా కంప్యూటరు గడియారం చూసి ఆ రోజు తేదీ తెచ్చిపెడుతుంది. ముహూర్తం తేదీలోంచి దాన్ని తీసేస్తే అంకె రోజుకొకటి చొప్పున తనంతట తనే దిగుతుంది. ఎర్ర అక్షరాలు, బంగారు రంగు అంచు. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళకంటే ముందు ఆ గడి చూపించేవాణ్ణి.

కొన్నాళ్ళకి ఫోల్డర్లో రెండో ఫైలు పుట్టింది. 'పిలుపులు', పక్కన బ్రాకెట్లో నా పేరు, ఆ వెనక 'కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ', తేదీ. మా ఆవిణ్ణి పిలిచాను.

"ఇది నువ్వు పెట్టావా?"

"పేరు మీదే ఉంది కదండీ."

"పేరు నాదే. పెట్టింది నేను కాదు."

"కాన్‌ఫ్లిక్ట్ అని కూడా ఉంది. అయితే మీదే," అని సంచీ తీసుకుని కూరలకి వెళ్ళిపోయింది.

జరిగిందేమిటంటే, ఆ పూట వైఫై పడిపోయింది. నేను నా గదిలో కూర్చుని గుంటూరు వైపు చుట్టాలందర్నీ సరిచేశాను. ఆవిడ వంటింట్లో, ఫోను హాట్‌స్పాట్ పెట్టుకుని, కాకినాడ పిన్నులందర్నీ చేర్చింది. వైఫై వచ్చాక నా ఫైలు సర్వరు గడప తొక్కేసరికి ఆవిడ ఫైలు అప్పటికే లోపల కూర్చుని ఉంది.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలన్నదాని మీద ఒక్కో సాఫ్ట్‌వేర్‌ది ఒక్కో ధర్మశాస్త్రం. డ్రాప్‌బాక్స్ లాంటివాటిలో ముందు చేరినవారికి అసలు పేరు, వెనకొచ్చినవారికి బ్రాకెట్టు. సింక్‌థింగ్ అని, మధ్యలో సర్వరు లేకుండా కంప్యూటర్ల మధ్యే నేరుగా నడిచేది ఒకటుంది. అది రెండు ఫైళ్ళు ఎప్పుడు మారాయో చూసి, పాతదాని పేరు మార్చేస్తుంది. రెండూ సరిగ్గా ఒకే సమయానివైతే కంప్యూటర్ల గుర్తింపు సంఖ్యలు పోల్చి తేలుస్తుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో బెంజమిన్ పియర్స్ వాళ్ళు తయారుచేసిన యూనిసన్ అసలు ఏమీ తేల్చదు. రెండువైపులా మారింది, ఏది ఉంచాలో నువ్వే చెప్పు అని ఆగిపోతుంది. లోపల ఏం రాశారో చదివేది వీటిలో ఒక్కటీ లేదు. ఎవరు పెద్ద, ఎవరు ఆడపిల్ల తండ్రి, ఆ గడి పెట్టిన బుర్ర ఎవరిది అన్న విచారణే లేదు.

అసలు ఇలాంటి తగాదాలు అరుదని పెద్దలు లెక్క కట్టి మరీ చెప్పారు. పిట్స్‌బర్గ్ అనగానే మనవాళ్ళకి వెంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. అదే ఊళ్ళో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మహదేవ్ సత్యనారాయణన్ గారి బృందం 1987 నుంచి కోడా అనే ఫైల్ సిస్టమ్ మీద పనిచేసింది. నెట్‌వర్క్ తెగిపోయినా మనిషి పని ఆగకూడదు, మళ్ళీ తగిలాక అన్నీ సర్దుకోవాలి అన్నది వాళ్ళ పట్టుదల. ఆయన, జేమ్స్ కిస్లర్ కలిసి 1992లో అచ్చువేసిన పత్రంలో ఒక కొలత ఉంది. వాళ్ళ సర్వర్ల మీద జరిగిన మార్పుల్లో 99 శాతానికి పైగా అంతకుముందు మార్చిన మనిషే మళ్ళీ మార్చినవి. ఒకే వస్తువుని ఇద్దరు వేరువేరు మనుషులు ఒక్క రోజు తేడాలో ముట్టుకునే అవకాశం మహా అయితే 0.75 శాతం. అందులో పెళ్ళి పిలుపుల ఫైళ్ళు ఎన్ని ఉన్నాయో రాయలేదు. ఆ ముప్పాతిక శాతం సాంతం సామాన్లతో సహా వచ్చి మా ఇంట్లో దిగింది.

ఇంతకీ యంత్రం రెండు ఫైళ్ళనీ భద్రంగా దాచింది. వాటిలో ఒకటి పారేసింది నేను. ఫోల్డర్లో ఫైళ్ళని తేదీ వారీగా పేర్చి, పైనున్నది ఉంచి కిందివి తీసేసేవాణ్ణి. కొత్తది నిలవాలి, పాతది పోవాలి. ఆడిటర్ వచ్చినా మెచ్చుకుంటాడనుకున్నాను.

హాల్లో డెస్క్‌టాప్ సంగతి మర్చిపోయాను. దాని మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే బిళ్ళ బ్యాటరీ, సీఆర్2032, చచ్చి చాలాకాలమైంది. షాపులో చవకగానే దొరుకుతుంది, అందుకనే రేపు కొందాంలే అనుకుంటూ వచ్చాను. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ కంప్యూటర్ 2009 జనవరికి వెళ్ళిపోతుంది. ఇంటర్నెట్ తగిలిన కాసేపటికి తేరుకుంటుంది. ఈలోపు నేను దాని మీద చేసిన పనంతా, అమ్మాయి రెండు జడలేసుకుని బడికెళ్ళే రోజుల తేదీ వేసుకుని, ఫోల్డర్లో అట్టడుగున పడుకునేది. దాన్ని నేనే తీసేసేవాణ్ణి. నరసరావుపేట పిలుపులన్నీ అలా పోయాయి. నేను మా ఆవిణ్ణి అనుమానించాను. కరెంటు వచ్చిన ఒక రాత్రి ఆవిడ ఆ డెస్క్‌టాప్ మీద ఫైలు తెరిచి, మూల గడిలో అయిదువేల చిల్లర రోజులుందని చూసి, "అయితే తొందరేముందండీ, పడుకోండి," అంది.

ఏది ముందు ఏది వెనక అన్నది గడియారాలని నమ్ముకోకుండానే తేల్చొచ్చని లెస్లీ లాంపోర్ట్ 1978లోనే రాశాడు. 1983లో లాస్ ఏంజెలస్‌లోని యూసీఎల్‌ఏ వాళ్ళు టైమే చూడని పద్ధతి ఒకటి చెప్పారు. ఏ కంప్యూటరు మీద ఎన్నిసార్లు మార్పు జరిగిందో ఫైలు పక్కనే లెక్క రాసుకోవడం. నా లెక్కంతా నీ లెక్కలో ఇమిడి ఉంటే నీది కొత్తది, నాది పాతది, పేచీ లేదు. నీ దగ్గర లేని మార్పు నా దగ్గరా, నా దగ్గర లేనిది నీ దగ్గరా ఉంటేనే తగాదా. సింక్‌థింగ్ కూడా తగాదా ఉందో లేదో ఇలాగే కనిపెడుతుంది. గడియారం వంక చూసేది బ్రాకెట్టు ఎవరికి తగిలించాలన్నదానికే.

ఇదంతా చదివి నేను గ్రహించింది మాత్రం ఒక్కటే: గడియారం ముందున్నవాడు గెలుస్తాడు. వెంటనే నా ల్యాప్‌టాప్ తేదీని ఒక రోజు ముందుకి తిప్పాను. మా సర్వీసు చేరిన వరస చూస్తుందే గానీ తేదీ చూడదు కాబట్టి నా కాపీకి ఒరిగిందేమీ లేదు. మూల గడిలో అంకె మాత్రం ఒకటి తగ్గింది. తగ్గిన అంకె చూసి నేనే కంగారుపడి షామియానా అతనికి ఫోన్ చేశాను. అడ్వాన్సుకి వస్తానన్న రోజున రాకపోతే ఎలాగయ్యా అని కేకలేశాను. "రేపు కదండీ వస్తానన్నది," అన్నాడు. మర్యాదస్తుడు, ఇంకేమీ అనలేదు.

బావ సంగతి చెప్పాలి. మా పెదనాన్నగారి అల్లుడు, తెనాలి. నా పెళ్ళిలో విడిదింట్లో కాఫీ చల్లారిపోయిందని అలిగి, భోజనాల వేళకి రైల్వే స్టేషన్లో తేలిన మనిషి. బతిమాలి వెనక్కి తీసుకురావడానికి వెళ్ళింది పెళ్ళికొడుకునైన నేనే, నుదుటి మీద బాసికంతో సహా. ప్లాట్‌ఫారం మీద జనం నన్ను చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే. మిగతా ప్రపంచమంతా దాన్ని మర్చిపోయింది. అందుకని ఒక రాత్రి అందరూ పడుకున్నాక జాబితాలో ఆయన వరస పట్టుకుని డిలీట్ కొట్టాను. నిద్ర బాగా పట్టింది.

పొద్దున్న చూస్తే బావ ఉన్నాడు. నలుగురు మనుషులు, శుభలేఖ చేతికి, పసుపు రంగు. మళ్ళీ తీసేశాను. మళ్ళీ వచ్చాడు, ఈసారి రెండు వరసల్లో.

మా ఆవిణ్ణి నిలదీద్దామంటే మాట ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. తీసేశానని ఒప్పుకోకుండా ఎందుకు చేర్చావని అడగడం ఎలా? "జాబితాలో ఎవరినైనా కొత్తగా చేర్చావా?" అన్నాను. "మీరు ఎవరినైనా తీసేశారా?" అంది, బియ్యంలో రాళ్ళేరుతూ. తల కూడా ఎత్తలేదు.

అసలు దొంగ డల్లాస్‌లో ఉన్నాడు. "కాన్‌ఫ్లిక్ట్ కాపీ కనపడినప్పుడల్లా నేనే రెండూ కలిపేస్తున్నా నాన్నా," అన్నాడు అబ్బాయి. "ఇందులో ఉన్నవాళ్ళూ అందులో ఉన్నవాళ్ళూ అందరూ ఉండేట్టు. ఎవరి పేరు పోయినా పిలవలేదని మాటొస్తుంది కదా."

అమెజాన్ వాళ్ళు 2007లో డైనమో అనే తమ నిల్వ వ్యవస్థ గురించి రాసిన పత్రంలో అచ్చంగా ఇదే ఉంది. ఒకే షాపింగ్ బుట్ట రెండు రకాలుగా తయారైతే రెంటినీ కలిపేస్తారు. బుట్టలో వేసింది ఎప్పుడూ పోదు, తీసేసింది మాత్రం మళ్ళీ పైకి తేలొచ్చు అని వాళ్ళే రాసుకున్నారు. కొట్టువాడికి ఆ దిక్కుగా జరిగే పొరపాటు నష్టం కాదు. పెళ్ళివాళ్ళకీ కాదేమో, పిలిచిన చుట్టం కంటే పిలవని చుట్టమే ఖరీదు. కానీ బావ విషయంలో ఈ సిద్ధాంతం నాకు బొత్తిగా రుచించలేదు.

కాగితం మీదైతే కొట్టేసిన పేరు కొట్టేసినట్టే కనపడుతుంది. పక్కన పొట్టి సంతకం ఉంటే ఎవరు కొట్టేశారో కూడా తెలుస్తుంది. ఎక్సెల్లో వరస తీసేస్తే కింది వరస పైకి జరిగి ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. నా కాపీలో బావ లేడు, ఆవిడ కాపీలో ఉన్నాడు. నేను తీసేశానా, ఆవిడ చేర్చిందా? రెండు ఫైళ్ళూ పక్కపక్కన పెట్టుకుని ఎంత చూసినా ఆ ముక్క బయటపడదు. మూడోది కావాలి, ఇద్దరం విడిపోకముందు ఉన్న కాపీ. (ఫైళ్ళ మాటే చెబుతున్నాను.) అందులో బావ ఉంటే నేను తీసేసినట్టు. లేకపోతే ఆవిడ చేర్చినట్టు. దీన్ని త్రీ-వే మెర్జ్ అంటారు, యూనిక్స్‌లో డిఫ్3 అనే ప్రోగ్రాం చేసే పని ఇదే. ఆ మూడో కాపీ లేకుండా చేసే ఏ మధ్యవర్తిత్వమైనా ఊహే.

అబ్బాయి ఆ మూలకాపీ అడిగాడు. ఫోల్డర్ శుభ్రం చేస్తూ 'పాతవి' అని నేను ఎప్పుడో తీసేశాను. ఇలాంటివి సర్వీసులు కొంతకాలం దాచిపెడతాయి, డ్రాప్‌బాక్స్ ఉచిత ఖాతాలో అయితే 30 రోజులు. మాది గడువు దాటిపోయింది. బయటికి చాలా విచారం వెలిబుచ్చాను. లోపల మాత్రం బావ కేసులో సాక్ష్యం పోయిందని గుండె కుదుటపడింది.

మనుషుల వేళలు కలవకపోవడం మా ఒక్క ఇంటి రోగమే కాదు. 1984-85లో ఆమ్‌స్టర్‌డామ్‌లో డిక్ గ్రూన్ అనే అధ్యాపకుడు తన విద్యార్థులిద్దరితో కలిసి ఒక సీ కంపైలర్ రాసేవాడు. ఒక విద్యార్థి తొమ్మిది నుంచి అయిదు దాకా పద్ధతిగా పనిచేసే రకం. రెండోవాడికి వేళాపాళా లేదు. గ్రూన్ గారికి సాయంత్రాలే ఖాళీ. ఎవరి కాపీ వాళ్ళు దిద్దుకుని తర్వాత కలుపుకునే సీవీఎస్ అలా పుట్టింది, 1986లో లోకానికి అందింది. మా ఇంట్లో ఆవిడ తెల్లవారుజామున పాలు పొంగేలోపు రాస్తుంది, నేను రాత్రి భోజనమయ్యాక, అబ్బాయి వాడి రాత్రి, అంటే మాకు మర్నాడు పొద్దున. అచ్చం గ్రూన్ గారి సంసారమే. అయితే ఆయనవి మామూలు అక్షరాల ఫైళ్ళు, పంక్తికి పంక్తి పోల్చి కలపొచ్చు. ఇప్పటి ఎక్సెల్ ఫైలు పైకి ఒకటిగా కనపడినా, లోపల బోలెడు ఎక్స్‌ఎంఎల్ ఫైళ్ళని జిప్ చేసి కట్టిన మూట. మూట మారిందని సింక్ సర్వీసుకి తెలుస్తుంది. మూటలో బావ మారాడని తెలియదు.

వంటల కాంట్రాక్టరు ఎంతమందికని అడిగాడు. నా ఫైలు చూసి 640 అన్నాను. కాసేపటికి మా ఆవిడ తన ఫైలు చూసి 715 అంది. సాయంత్రానికి అబ్బాయి అన్నీ కలిపి 790 అని వాట్సాప్ పెట్టాడు, అందులో బావ కుటుంబం రెండుసార్లు. కాంట్రాక్టరు నాకు ఫోన్ చేసి చాలా వినయంగా, "అయ్యగారూ, పెళ్ళి ఒకటేనాండీ?" అన్నాడు.

అప్పుడు మా అబ్బాయి ఒక ఆదివారం కూర్చుని ఆ కాన్‌ఫ్లిక్టెడ్ కాపీలన్నీ ఒక్కొక్కటే తెరిచి పోల్చాడు. వీడియో కాల్లో మేమిద్దరం ఇటువైపు. కాసేపయ్యాక వాడి మొహం మారింది.

"నాన్నా, వీటిలో చాలావాటిలో తేడానే లేదు. ఒక్క పేరు కూడా మారలేదు. మరి ఇవి ఎందుకు పుట్టాయి?"

"అదే నేనూ అడుగుతున్నా. ఆ సర్వీసు వాళ్ళకి గట్టిగా ఒక ఉత్తరం రాయాలి."

"ఈ మూల గడి ఎవరు పెట్టారు?"

నేను మాట్లాడలేదు. "ఇంకెవరు," అంది మా ఆవిడ, ఎంతో ప్రేమగా.

సంగతేమిటంటే టుడే లాంటి ఫంక్షన్లు ఫైలు తెరవగానే తమని తాము మళ్ళీ లెక్కించుకుంటాయి. అందుకని మనం ఒక్క అక్షరం ముట్టుకోకపోయినా, మూసేటప్పుడు ఎక్సెల్ 'మార్పులు సేవ్ చెయ్యమంటారా?' అని అడుగుతుంది. అవునంటే ఫైలు మొత్తం కొత్తగా రాయబడుతుంది, సింక్ సర్వీసు దాన్ని మార్పు కింద జమకడుతుంది. మా ఆవిడ ఫోన్ నంబరు కోసం తెరిచినా మార్పే. అబ్బాయి కాఫీ తాగుతూ ఊరికే చూసినా మార్పే. ఇక నేను. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని రోజుల్లో కంప్యూటరు నేర్చుకున్నవాణ్ణి, ఊపిరి తీసుకున్నట్టు కంట్రోల్ ఎస్ కొడతాను. వచ్చినవాళ్ళందరికీ గడి చూపించి, చూపించినప్పుడల్లా సేవ్ కొట్టాను. మా ఇంట్లో ఆ ఫైలుని ఎవరూ చదవలేదు, అందరూ దిద్దారు.

"ఇంకేమైనా చేశావా నాన్నా?" అన్నాడు వాడు, డాక్టరు అడిగినట్టు.

ఆ ఫోల్డర్లో అప్పుడప్పుడు ఒక దొంగ ఫైలు కనపడేదని, టిల్డా గుర్తూ డాలరు గుర్తూ పెట్టుకుని తిరిగేదని, వైరస్ అనుకుని వీలైనప్పుడల్లా తీసేసేవాణ్ణని చెప్పాను. వాడు కళ్ళు మూసుకున్నాడు. అది ఎక్సెల్ పెట్టే గుర్తు. 'ఈ ఫైలుని ఫలానావారు తెరిచి ఉంచారు, ఆగండి' అని రెండోవాళ్ళకి చెప్పడానికి, తెరిచినవాళ్ళ పేరుతో సహా పక్కన పెడుతుంది, మూయగానే తీసేస్తుంది. ఆఫీసు నెట్‌వర్క్‌లో ఒకే డిస్కు మీదున్న ఫైళ్ళకి బాగా పనికొస్తుంది. సింక్ ఫోల్డర్లలో సమయానికి చేరుతుందన్న నమ్మకం లేదు. చేరిన కాసిన్నిసార్లూ నేను దాన్ని చంపాను.

ఆ రోజే వాడు గడి తీసేసి, జాబితా మొత్తాన్ని ఆన్‌లైన్ షీటులోకి మార్చాడు. అందులో కాపీలే ఉండవు. ఉన్నది ఒకటే, అందరం దాని మీదే రాస్తాం, ఎవరు ఏ గడిలో ఉన్నారో రంగుతో కనపడుతుంది. ఒకే గడిలో ఇద్దరం రాస్తే చివర రాసింది నిలుస్తుంది. తగాదా పోలేదు, ప్రత్యక్ష ప్రసారమైంది. నేను పడగ్గదిలో, ఆవిడ వంటింట్లో. నా నీలం గడి మెల్లగా తెనాలి వైపు జరిగితే, ఆవిడ గులాబీ గడి నాకంటే ముందే వెళ్ళి బావ వరస మీద కూర్చునేది. నేను ఏలూరు వైపు వెళ్ళినట్టు నటించి తిరిగొచ్చేవాణ్ణి. గులాబీ అక్కడే ఉండేది. వంటింట్లోంచి తాలింపు చప్పుడు కూడా వినపడేది కాదు. చివరికి అబ్బాయి నా ఖాతాని చూడ్డానికి మాత్రమే పనికొచ్చేట్టు మార్చేశాడు. అమ్మ చెప్పిందన్నాడు.

పెళ్ళికి బావ వచ్చాడు. జాబితాలో ఉన్నాడా లేడా అన్నదాంతో సంబంధం లేకుండా మా ఆవిడ ఆయనకి ముహూర్తం పెట్టిన రోజే ఫోన్ చేసి చెప్పిందట. కాఫీ రెండుసార్లు అడిగి తాగి, వేడిగా ఉందని నన్నే మెచ్చుకున్నాడు.

హాల్లో డెస్క్‌టాప్‌కి ఇంటర్నెట్ తీగ పీకేశాను. బ్యాటరీ ఇంకా కొనలేదు. పాత ఫైలు కాపీ ఒకటి దాని మీద నా సొంతానికి ఉంచుకున్నాను, గడితో సహా. అది ఎక్కడికీ సింక్ అవదు, అందులో నేను రాసినదాన్ని ఇంతవరకు ఎవరూ కాదనలేదు. బావ పేరు లేదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తెరిచి చూస్తే, మా అమ్మాయి పెళ్ళికి ఇంకా అయిదువేల చిల్లర రోజులుంది.